ఔట్‌సోర్సింగ్ జీతాల లెక్కను అసెంబ్లీ కమిటీ దాకా తీసుకెళ్లడం ఎలా? నల్లగొండ, పాలమూరు ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

దేవరకొండ నుంచి ఒకరు, అచ్చంపేట నుంచి ఒకరు, నారాయణపేట నుంచి ఇంకొకరు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "మా సంస్థలో ఔట్‌సోర్సింగ్ జీతాల్లో కోత పడుతోంది. అసెంబ్లీ కమిటీకి రాస్తే పట్టించుకుంటారా?"

పట్టించుకుంటారు. కానీ రాయాల్సిన తీరులో రాయాలి. నేను చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ సంస్థ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేశాను. ఆడిట్ పార్టీకి ఫైళ్లు అందించడం, కమిటీ సమావేశానికి ముందు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని జవాబులు టైప్ చేయించడం నా పని. కమిటీ తేదీ ఖరారైందంటే పెద్ద ఆఫీసర్లకు ఎంత టెన్షన్ ఉంటుందో దగ్గరుండి చూశాను. డబ్బు ఎంత విడుదలైంది, ఉద్యోగికి ఎంత చేరింది, మిగతాది ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలకు వాళ్లు తడుముకునేవాళ్లు. కాబట్టి మీ అర్జీ మొత్తం ఈ మూడు ప్రశ్నల చుట్టే ఉండాలి.

ఈ వ్యాసంలో ఏజెన్సీ అన్నప్పుడల్లా మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు అని, సంస్థ అన్నప్పుడల్లా మీరు రోజూ డ్యూటీ చేసే కార్పొరేషన్, ఆస్పత్రి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అని అర్థం చేసుకోండి. ఈ రెండూ కలిసిపోతే అర్జీ మొదటి పేజీలోనే దారి తప్పుతుంది.

## 1. మీ సంస్థ ఏ కమిటీ కిందికి వస్తుందో తేల్చుకోండి

తెలంగాణ శాసనసభలో డబ్బు వ్యవహారాలు చూసేవి మూడు కమిటీలు. ఒక్కో దాంట్లో తొమ్మిది మంది ఎమ్మెల్యేలు, నలుగురు ఎమ్మెల్సీలు, మొత్తం 13 మంది ఉంటారు. మంత్రులు ఉండరు. కమిటీ గడువు ఏడాది.

ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ: కార్పొరేషన్లు, ప్రభుత్వ కంపెనీలు దీని కిందికి వస్తాయి. మన ప్రాంతానికి కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కం, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టిన విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో, ఆర్టీసీ, ధాన్యం కొనుగోళ్లు చూసే పౌర సరఫరాల సంస్థ లాంటివి.

ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ: ప్రభుత్వ శాఖల ఖర్చుపై కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ) ఎత్తిచూపిన అంశాలను తీసుకుంటుంది. ప్రభుత్వ ఆస్పత్రులు, హాస్టళ్లు, ఇతర శాఖల ఆఫీసులు ఇక్కడికి వస్తాయి.

అంచనాల కమిటీ: బడ్జెట్‌లో అడిగిన డబ్బు సరిగ్గా వాడుతున్నారా, ఇంకా పొదుపుగా చేయొచ్చా అన్నది చూస్తుంది.

2024 సెప్టెంబరులో వేసిన కమిటీల్లో అంచనాల కమిటీకి కోదాడ ఎమ్మెల్యే పద్మావతి రెడ్డి, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి షాద్‌నగర్ ఎమ్మెల్యే శంకరయ్య అధ్యక్షులయ్యారు. ఒకరిది పాత నల్లగొండ జిల్లా, ఇంకొకరిది పాత పాలమూరు. గడువు ఏడాదే కాబట్టి, మీరు రాసే నాటికి ఎవరున్నారో చూసుకుని పేరు రాయండి.

మీరు పనిచేసేది బీబీనగర్ ఎయిమ్స్, బీఎస్ఎన్ఎల్, రైల్వే, పోస్టాఫీసు లాంటి కేంద్ర సంస్థలోనా? అయితే హైదరాబాద్ దారి మీది కాదు. పార్లమెంటుకు వేరే పీఏసీ, వేరే ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఉన్నాయి. ఒక్కో దాంట్లో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు సభ్యులు. మీ పనిచేసే చోటును బట్టి నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీల్లో ఒకరిని పట్టుకోవాలి.

## 2. కమిటీ ఏం చేయదో ముందే తెలుసుకోండి

ఒక్క మనిషి ఆగిన జీతాన్ని కమిటీ ఇప్పించదు. బదిలీ ఆపదు. పర్మినెంట్ చేయదు. కోర్టులో ఉన్న విషయం జోలికి పోదు. అది ఒక పద్ధతిలో జరుగుతున్న తప్పును చూస్తుంది. సంబంధిత ముఖ్య కార్యదర్శినో ఎండీనో పిలిచి అడుగుతుంది, రికార్డులు తెప్పించుకుంటుంది, సిఫారసులతో నివేదికను సభ ముందు పెడుతుంది.

మీ ఒక్కరి బాకీ కోసం వెళ్లాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి, లేబర్ ఆఫీసు, పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్. వాటిని ఆపకండి. కమిటీ పని నెలల తరబడి సాగుతుంది. ఇంట్లో బియ్యం అన్ని రోజులు ఆగవు. రెండు దారుల్లోనూ ఒకేసారి నడవండి.

## 3. మీ జీతం లెక్క మీరే వేయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో ఆస్పత్రి శానిటేషన్ పని చేసే ఒక అక్క కలిసింది. ఫోన్ అద్దం పగిలి ఉంది. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించి అడిగింది: "సార్, ఇందులో కంపెనీ వాటా అని పడుతున్నదిగా? అది కంపెనీ ఇస్తున్నట్టేగా?" బ్యాంకు మెసేజ్ కూడా చూపించమన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి, షాపులోనే ఒక రద్దు కాగితం వెనక లెక్క వేశాం. కంపెనీ వాటా కూడా ఆమె జీతంలోంచే పోతోంది.

ఆ లెక్క ఎలా వేయాలో చూడండి. 2021 జూన్ 11 నాటి జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల నెల వేతనాలు మూడు మెట్లు: 15,600, 19,500, 22,750 రూపాయలు. కింది మెట్టు తీసుకుందాం. పీఎఫ్ 15,000 పరిమితి మీద కడుతున్నారనుకుందాం.

న్యాయంగా కోయాల్సినవి:

- పీఎఫ్ ఉద్యోగి వాటా, 15,000 మీద 12 శాతం: 1,800
- ఈఎస్ఐ ఉద్యోగి వాటా, 15,600 మీద 0.75 శాతం: 117
- వృత్తి పన్ను: 150
- చేతికి రావాల్సింది: 13,533

యజమాని తన జేబులోంచి కట్టాల్సినవి:

- పీఎఫ్ వాటా, బీమా, నిర్వహణ ఖర్చు కలిపి 13 శాతం: 1,950
- ఈఎస్ఐ 3.25 శాతం: 507
- మొత్తం: 2,457

మీ బ్యాంకులో 13,533 బదులు 11,076 పడుతోందా? తేడా సరిగ్గా 2,457. యజమాని వాటా మీ నెత్తిన వేశారన్నమాట. పీఎఫ్, ఈఎస్ఐ చట్టాలు రెండూ దీన్ని నిషేధించాయి. "జీవోలో ఉన్న మొత్తంలోనే అన్నీ కలిసి ఉంటాయి" అని సూపర్‌వైజర్ చెప్తే నోటిమాట నమ్మకండి. ఆ మాట ఒప్పందంలో ఎక్కడుందో చూపించమనండి.

ఇప్పుడు దాన్ని గుణించండి. మీ యూనిట్‌లో 40 మంది ఉంటే నెలకు 98,280. ఏడాదికి 11,79,360. "నాకు రెండున్నర వేలు తక్కువ పడుతోంది" అంటే అది ఫిర్యాదు. "ఒక్క యూనిట్‌లో ఏడాదికి 11.79 లక్షల తేడా ఉంది" అంటే కమిటీ ముందు పెట్టదగిన అంశం.

ఒక జాగ్రత్త. జీవో 60 మీ కార్పొరేషన్‌కు దానంతటదే వర్తించకపోవచ్చు. చాలా కార్పొరేషన్లు బోర్డు తీర్మానంతో విడిగా ఉత్తర్వు ఇచ్చుకుంటాయి. మీ సంస్థకు వర్తించే ఉత్తర్వు ఏదో, దాని తర్వాత కొత్తది వచ్చిందేమో చూసుకుని, ఆ అంకెలతోనే లెక్క వేయండి.

ఈ మెట్టుకు కావాల్సినవి:

- 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్
- పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్
- ఈఎస్ఐ కార్డు, వాటా పడిన నెలల వివరం
- పే స్లిప్పులు. ఇవ్వకపోతే ఇవ్వలేదని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి
- జీతం పడిన తేదీల పట్టిక, ఎందుకంటే ఆలస్యం కూడా ఒక అంశమే

ఒక్కరి కాగితాలు చాలవు. కనీసం అయిదారుగురివి సేకరించండి.

## 4. సంస్థ దగ్గరున్న కాగితాలు ఆర్టీఐతో తెప్పించుకోండి

మీ దగ్గరున్నది సగం లెక్క. ఏజెన్సీకి సంస్థ ఎంత కట్టిందన్నది మిగతా సగం. అది సమాచార హక్కు చట్టంతోనే బయటికి వస్తుంది.

దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఉద్యోగం పోతుందని భయముంటే మీ పేరుతో వేయకండి. మీ తమ్ముడు, బంధువు, ఊళ్లో పింఛనుదారు, ఎవరు వేసినా చెల్లుతుంది. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. దరఖాస్తు వేసిన వారం రోజుల్లోనే డ్యూటీ చార్ట్‌లో పేరు మాయమైన వాళ్లు నాకు తెలుసు.

ఇలా అడగండి:

1. మా యూనిట్‌కు మంజూరైన ఔట్‌సోర్సింగ్ పోస్టుల ఉత్తర్వు నకలు
2. ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం నకలు, షరతులతో సహా
3. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నెలవారీగా ఏజెన్సీ పెట్టిన బిల్లు మొత్తం, బిల్లు తేదీ, చెల్లించిన తేదీ
4. ప్రతి బిల్లుకు జతచేసిన పీఎఫ్ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత వాటా కట్టారో చూపే నెలవారీ పట్టిక), పీఎఫ్ చలాన్, ఈఎస్ఐ చలాన్ నకళ్లు, వ్యక్తిగత నంబర్లు కొట్టేసి
5. షరతులు తప్పినందుకు ఏజెన్సీకి ఇచ్చిన నోటీసులు

"ఎందుకు తక్కువ ఇస్తున్నారు?" అని అడగకండి. ఆర్టీఐ కింద ఉన్న కాగితం వస్తుంది, సంజాయిషీ రాదు. పేర్లతో జీతాలు అడిగినా వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపిస్తారు. పోస్టుల వారీగా మొత్తాలు అడగండి.

"అది ప్రైవేటు ఏజెన్సీ సమాచారం, మాకు సంబంధం లేదు" అనే జవాబు ఎక్కువగా వస్తుంది. మీరు అడిగింది సంస్థ ఫైల్లో, బిల్లు వెనక కుట్టి ఉన్న కాగితం. అది సంస్థ అధీనంలోనిదే. అప్పీల్లో ఈ మాటే రాయండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే, అంటే సంస్థే కట్టాలన్న నియమం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఆ బాధ్యత కొనసాగుతోంది. కాబట్టి "సంబంధం లేదు" అనే వీలు సంస్థకు లేదు.

తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి:

- జవాబుకు గడువు: 30 రోజులు
- మొదటి అప్పీలు: జవాబు వచ్చాక, లేదా గడువు దాటాక 30 రోజుల్లోపు, అదే ఆఫీసులోని పై అధికారికి
- రెండో అప్పీలు: ఆ తర్వాత 90 రోజుల్లోపు, సమాచార కమిషన్‌కు

ఉద్యోగులకు నెలనెలా ఇచ్చే పారితోషికం వివరాలను సంస్థ తనంతట తానే ప్రకటించాలని ఇదే చట్టంలో 4(1)(బి) సెక్షన్ చెప్తుంది. సంస్థ వెబ్‌సైట్‌లో అది లేకపోతే ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసుకోండి. మెమోరాండంలో, అంటే కమిటీకి ఇచ్చే అర్జీలో, ఒక పాయింటు అవుతుంది.

## 5. అచ్చయిన లెక్కల్లో మీ జీతం ఎక్కడుంటుంది?

చాలామంది బడ్జెట్ పుస్తకంలో 010 జీతాల పద్దు చూసి, అంకె పెరిగింది కదా, మాకెందుకు రాలేదు అని అడుగుతారు. ఔట్‌సోర్సింగ్ డబ్బు ఆ పద్దులో ఉండదు. ఇతర కాంట్రాక్టు సేవల పద్దులో వెతకండి.

కార్పొరేషన్ వార్షిక నివేదికలోనూ ఇదే తంటా. లాభనష్టాల పట్టికలో ఉద్యోగుల ఖర్చు అని కనిపించేది ఎక్కువగా రెగ్యులర్ వాళ్లది. మీది చాలాసార్లు ఇతర ఖర్చుల నోట్‌లో, మ్యాన్‌పవర్ సరఫరా లాంటి పేరుతో కూర్చుని ఉంటుంది. నోట్స్ పేజీల దాకా వెళ్లి చూడండి.

ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను, ఆడిట్ రిపోర్టుతో, కాగ్ వ్యాఖ్యలతో కలిపి శాసనసభ ముందు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్తోంది. మీ కంపెనీ లెక్కలు ఏళ్ల తరబడి ఖరారు కాలేదా? కాగ్ తన నివేదికల్లో అలాంటి బకాయి లెక్కల సంస్థల గురించి రాస్తుంది. మీ సంస్థ ఆ జాబితాలో కనిపిస్తే పేజీ నంబరు రాసుకోండి. కమిటీ సహాయానికి కూర్చునే ఏజీ ఆఫీసు (రాష్ట్రంలో కాగ్ కింద పనిచేసే ఆఫీసు) వాళ్లు ఆ పేజీని వెంటనే తీయగలరు.

కాగ్ నివేదికలన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు. మీ శాఖ పేరు, పీఎఫ్, ఔట్‌సోర్సింగ్ అన్న మాటలతో వెతికి, దొరికిన పేరా నంబర్లు నోట్ చేసుకుంటే చాలు.

## 6. మెమోరాండం రాయడం

రెండు పేజీలు. మూడో పేజీ పట్టిక. ఆ వెనక కాగితాలు. దీనికి మించితే చదవరు. ఫైళ్లు మోసిన అనుభవంతో చెప్తున్నాను.

వరుస ఇలా ఉండాలి:

1. ఎవరికి: సంబంధిత కమిటీ అధ్యక్షులకు, శాసనసభ కార్యదర్శి ద్వారా
2. విషయం: ఒకే వాక్యం, అందులో సంస్థ పేరు, కాలం, తేడా మొత్తం
3. ఉన్న నియమం: ఉత్తర్వు నంబరు, ఒప్పందంలో షరతు నంబరు
4. జరుగుతున్నది: విడుదలైన డబ్బు, చేరిన డబ్బు, తేడా
5. ఇప్పటిదాకా ఎవరికి చెప్పాం, ఏ తేదీన, ఏ జవాబు వచ్చింది
6. కమిటీని ఏం కోరుతున్నాం
7. సంతకాలు, చిరునామాలు

నాలుగో అంశం ఎలా రాయాలో చూడండి:

"ఫలానా యూనిట్‌లో 40 మంది ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఉన్నారు. సంస్థ ఒక్కొక్కరికి 15,600 రూపాయలు, దానికి అదనంగా యజమాని వాటా కింద 2,457 రూపాయలు ఏజెన్సీకి చెల్లించినట్లు ఆర్టీఐ జవాబులో ఉంది, అనుబంధం 3 చూడగలరు. ఉద్యోగుల ఖాతాల్లో 11,076 రూపాయలు మాత్రమే జమయ్యాయి, అనుబంధం 5 చూడగలరు. సంస్థ చెల్లించిన యజమాని వాటానే ఉద్యోగుల జీతం నుంచి మళ్లీ కోశారు. ఏడాదికి తేడా 11,79,360 రూపాయలు."

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. చదివిన సభ్యుడికి అడగాల్సిన ప్రశ్న తయారుగా ఉంది.

ఆరో అంశంలో మూడు కోరికలు చాలు: బిల్లుల రికార్డులు తెప్పించి పరిశీలించాలి, చలాన్ లేకుండా బిల్లు పాస్ చేయవద్దని సిఫారసు చేయాలి, కోసిన మొత్తాన్ని తిరిగి ఇప్పించేందుకు గడువు పెట్టాలి. "మమ్మల్ని పర్మినెంట్ చేయాలి" అనేది ఇందులో కలపకండి. అది న్యాయమైన కోరికే, కానీ ప్రభుత్వ విధానానికి సంబంధించింది. రెండూ కలిపితే "విధాన నిర్ణయం, పరిశీలనలో ఉంది" అనే ఒక్క జవాబుతో శాఖ రెండింటినీ పక్కన పెట్టేస్తుంది.

## 7. ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలి

కమిటీ కొత్తగా ఏర్పడిన మొదటి నెలలు మంచి సమయం. ఆ ఏడాది ఏ సంస్థలను చూడాలో అప్పుడే అనుకుంటారు. గడువు చివర్లో ఇస్తే ఫైలు తర్వాతి కమిటీ కోసం ఎదురుచూస్తుంది.

ఒక ప్రతి శాసనసభ కార్యదర్శికి అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఇంకో ప్రతి మీ ఎమ్మెల్యేకు స్వయంగా ఇవ్వండి. ఎమ్మెల్యే ఆ కమిటీలో లేకపోయినా ఫర్వాలేదు: కమిటీకి ఒక లేఖ రాయగలరు, సభలో ప్రశ్న వేయగలరు, పిటిషన్‌గా సమర్పించగలరు. మా అనుభవంలో సభలో వేసిన ప్రశ్నకు శాఖ ఇచ్చే రాతపూర్వక జవాబు బంగారం లాంటిది. అందులో ఒక అంకె ఒప్పుకున్నారంటే తర్వాత వెనక్కి తీసుకోలేరు.

కమిటీలు జిల్లా పర్యటనలకు కూడా వస్తాయి. కలెక్టరేట్‌లో అధికారులతో కూర్చుంటాయి. ఆ రోజు గుంపుగా గేటు దగ్గర నినాదాలు ఇవ్వడం కన్నా, ఇద్దరు ముగ్గురు ముందే అనుమతి తీసుకుని లోపలికి వెళ్లి మూడు పేజీలు చేతికివ్వడం మేలు.

ఇంకో దారి: మెమోరాండం ప్రతిని హైదరాబాద్ సైఫాబాద్‌లోని ఏజీ ఆడిట్ ఆఫీసుకూ పంపండి. వాళ్లు తప్పకుండా తీసుకుంటారని చెప్పలేను. కానీ మీ సంస్థకు తర్వాతిసారి ఆడిట్ పార్టీ వచ్చేటప్పుడు ఆ కాగితం ఫైల్లో ఉంటే, ఏ బిల్లులు తెరవాలో వాళ్లకు తెలుస్తుంది.

## 8. మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు, వాటికి మందు

అన్ని కమిటీలకూ ఒకేసారి పంపడం. ఎవరికి వారు అవతలివాళ్లు చూస్తున్నారనుకుంటారు. ఒక్క కమిటీని ఎంచుకోండి.

ఆకాశరామన్న ఉత్తరం. పేరు లేని అర్జీ ముందుకు కదలదు. భయముంటే యూనియన్ తరఫున, లేదా ఉద్యోగి కాని వ్యక్తి సంతకంతో ఇవ్వండి.

కోర్టు కేసు దాచడం. అదే విషయం మీద కేసు నడుస్తుంటే అర్జీ తీసుకోరు. కేసు వేరే అంశం మీదైతే ఆ తేడాను మొదటి పేరాలోనే రాయండి.

మనుషుల మీద ఆరోపణ. "ఫలానా సూపరింటెండెంట్ తింటున్నాడు" అని రాస్తే, ఆధారం లేకుంటే మీ మీదకే వస్తుంది. హోదా రాయండి, అంకె రాయండి.

కనపడని జిరాక్సులు. పాస్‌బుక్ స్క్రీన్ ఫొటో కాదు, డౌన్‌లోడ్ చేసిన ప్రతి పెట్టండి. ప్రతి అనుబంధం మీద నంబరు వేయండి. ఆధార్ నంబర్లు మూసేయండి.

వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. కమిటీకి ఇచ్చింది కమిటీ రికార్డు. విచారణ వివరాలు, నివేదిక సభ ముందుకు రాకముందే బయటికి లాగడం సభా హక్కుల ప్రశ్న అవుతుంది. ఆర్టీఐ చట్టం కూడా ఆ సమాచారానికి మినహాయింపు ఇచ్చింది. ఇచ్చామని చెప్పుకోండి, కాగితాలు పంచకండి.

## 9. ఇచ్చిన తర్వాత

నెల రోజులు ఆగి, అందిందా, ఏ సెక్షన్‌లో ఉందని కార్యదర్శి ఆఫీసుకు ఒక చిన్న ఉత్తరం రాయండి. ప్రతి మూడు నెలలకూ తాజా జీతం తేడా పట్టికను ఒక్క పేజీలో పంపండి. కోత ఆగిపోయినా ఆ సంగతి కూడా రాయండి. మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. పాత బాకీ మిగిలి ఉంటే అంకెతో సహా చెప్పండి.

కాగ్ పేరా ఆధారంగా పీఏసీకి వెళ్లిన విషయమైతే, ఆ ఆడిట్ నివేదిక సభ ముందుకొచ్చిన మూడు నెలల్లో శాఖ వివరణ ఇవ్వాలన్నది నియమం. చాలా శాఖలు ఆలస్యం చేస్తాయి. వివరణ ఇచ్చారా లేదా అని మీ ఎమ్మెల్యే చేత అడిగించండి.

కమిటీ నివేదిక సభలో పెట్టాక అది అందరిదీ. అందులో మీ సంస్థకు చేసిన సిఫారసు నంబరు రాసుకోండి. ఆ సిఫారసుపై శాఖ తీసుకున్న చర్యను కమిటీకి రాతపూర్వకంగా తెలపాలి. సిఫారసు వచ్చిన ఆరు నెలలకు, అదే నంబరు వేసి, శాఖకు మళ్లీ ఒక ఆర్టీఐ పెట్టండి: ఈ సిఫారసుపై జారీ చేసిన ఉత్తర్వు నకలు, ఏజెన్సీ నుంచి వసూలు చేసిన మొత్తం, ఉద్యోగుల ఖాతాల్లో జమచేసిన తేదీ. ఆ జవాబు వచ్చిన రోజు అందరి పాస్‌బుక్‌లు తెరిచి, జమ పడిందో లేదో ఒక్కొక్కరి పేరు ఎదురుగా టిక్ పెట్టుకోండి. టిక్ పడని పేర్లతో తర్వాతి ఉత్తరం మొదలుపెట్టండి.